సలేశ్వరం లోయలోకి దిగేవాళ్లకు

నల్లమల అడవిలో లోతైన లోయ అడుగున, గుహలో లింగమయ్యగా శివుడు కొలువైన క్షేత్రం సలేశ్వరం. అది ఎప్పుడు పడితే అప్పుడు పోయే చోటు కాదు. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ జరిగే జాతర రోజుల్లోనే అటవీ శాఖ దారి వదులుతుంది. మిగతా ఏడాదంతా అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి అడవి. అందుకే తోపులాట ఉంటుందని తెలిసినా జాతరకే పోయాం.

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫరహాబాద్ దగ్గర అడవిలోకి తిరగాలి. అక్కడి నుంచి మట్టి రోడ్డు. ముందు బండి లేపిన దుమ్ములో వెనక బండికి దారి కనబడదు. చిన్న కార్లకు ఇది నరకమే. జాతరకు అచ్చంపేట నుంచి నడిపే ఆర్టీసీ బస్సే నయం, సీటు దొరక్కపోయినా సరే.

నల్లమల పచ్చగా ఉంటుందనుకుని వస్తే మొదట నిరాశే. ఎండాకాలంలో టేకు మోడుబారి ఉంటుంది, వెదురు పసుపెక్కి ఉంటుంది. ఇప్పచెట్ల కింద మాత్రం రాలిన పూల వాసన మత్తుగా వస్తుంది. బండ్లు ఆగిన చోటు నుంచి నడకే. కొంత దూరం మామూలు కాలిబాట, ఆ తర్వాత లోయలోకి నిటారు దిగుడు. రాళ్లు కాలి కింద కదులుతుంటాయి. ఒకే సన్నని దోవలో దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఎదురుపడతారు. "వస్తున్నం లింగమయ్యా" అని దిగేవాళ్లు, "పోయొస్తం లింగమయ్యా" అని ఎక్కేవాళ్లు. ఆ కేకలు లోయంతా మోగుతుంటే ఆయాసం సగం మర్చిపోతాం. ఒక చెంచు పెద్దాయన మా చేతుల్లో కర్రలు లేకపోవడం చూసి, "పైలం బిడ్డా, పక్కకు జరిగి నిలబడు, గుంపును పోనీ" అన్నాడు. ఆ రోజు మాకు దొరికిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

అడుగున రెండు పక్కలా కొండగోడలు, పైనుంచి పడే చల్లని నీళ్లు, గుహలో లింగమయ్య. పూజలు చెంచులే చేస్తారు. దర్శనానికి ఎక్కువసేపు నిలబడనివ్వరు, నిలబడే చోటూ లేదు.

దారిలో దాతలు పెట్టిన అంబలి, మంచినీళ్లకు వంక పెట్టలేం. మరుగుదొడ్ల సంగతే ఘోరం, ఆడవాళ్లకు మరీ కష్టం. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు దిగకపోవడమే మంచిది. వాళ్లకు అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం చాలు. శ్రీశైలానికి ఉత్తర ద్వారమనే పేరున్న క్షేత్రం, కొండ మీదికి రోడ్డు ఉంది, ఎండాకాలంలోనూ నీడ దొరుకుతుంది.

బసకు అచ్చంపేటలో ఒక లాడ్జి తీసుకున్నాం. జాతర రేటు అని అద్దె పెంచారు, తెల్లారేసరికి నీళ్లు లేవు. డబ్బు కాస్త ఎక్కువైనా మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలు ముందే బుక్ చేసుకుంటే పొద్దున్నే బయల్దేరొచ్చు. ఎండ ముదరకముందే లోయ దిగి ఎక్కేయాలి, మిట్టమధ్యాహ్నం ఆ ఎక్కుడు ఎక్కితే ప్రాణం గొంతులోకి వస్తుంది.

మల్లెలతీర్థం జలపాతం కూడా ఇదే శ్రీశైలం రోడ్డులో వట్వర్లపల్లి దగ్గర ఉంది కానీ ఏప్రిల్‌లో అక్కడ నీళ్లు నామమాత్రమే. దాన్ని వానలు పడ్డాక పెట్టుకోండి. సలేశ్వరం నుంచి అటే శ్రీశైలం పోదామనుకుంటే రాత్రి 9 లోపే అడవి దాటాలి, ఆ తర్వాత గేట్లు మూస్తారు.