ఎనిమిది నెలలు వాడాక మా 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్): బ్రెడ్డుకీ సూపుకీ పనికొచ్చిందా?

కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ డబ్బా విప్పిన రోజు రాసినవే. ప్యాకింగ్ బాగుంది, చెప్పిన రోజు కంటే ముందే వచ్చింది, ఐదు స్టార్లు. లోపల బ్రెడ్డు కాలిందా లేదా అన్నది ఒక్కరూ రాయలేదు. అందుకే ఎనిమిది నెలలు, వారానికి ఒకటి రెండుసార్లు వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు ఎదురైన ఇబ్బంది ఈ ధరలో దొరికే చాలా ఓటీజీలకి ఉండేదే.

ఓవెన్ కొనడానికి కారణం నాన్నగారు. కింది పళ్ళు తీయించుకున్నారు, కట్టుడు పళ్ళు వచ్చేసరికి మూడు నెలలు పడుతుందన్నారు. జావ, పెరుగన్నం తిని తిని రెండు వారాలకే ముద్ద దిగడం లేదన్నారు. సూపులో బ్రెడ్డు ముంచి పెడితే ఇష్టంగా తిన్నారు గానీ, ఒకరోజు ఆ గోధుమ బ్రెడ్డు ప్యాకెట్ వెనక చదివితే మొదటి దినుసు మైదా, ఆ గోధుమ రంగేమో కారమెల్ 150ఎ. మూడు నెలలు రోజూ పెట్టాల్సింది ఇదా అనిపించి, ఆ వారమే ఓటీజీ ఆర్డర్ పెట్టాను.

మొదటి మూడు బ్రెడ్లూ పాడయ్యాయి. పుస్తకంలో చెప్పినట్టే డయల్ 200 మీద పెట్టి, 15 నిమిషాలు ముందుగా వేడి చేసి, 35 నిమిషాలు ఉంచాను. పైన చక్కగా ఎర్రబడింది, కోస్తే మధ్యలో పచ్చిపిండి చాకుకి అంటుకుంది. ఈస్ట్ తప్పేమో, పిండి తప్పేమో అని మార్చి మార్చి చూశాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పది రోజులకి ఒకతను వచ్చి, చెయ్యి లోపల పెట్టి చూసి, "వేడెక్కుతోంది కదా మేడమ్" అని వెళ్ళిపోయాడు. చివరికి ఓవెన్ లోపల పెట్టుకునే చిన్న గుండ్రటి థర్మామీటర్ ఒకటి, నాలుగు వందల చిల్లరకి తెప్పించాను. డయల్ 200 చూపిస్తుంటే అది 165 చూపిస్తోంది! డయల్‌ని 235 దాకా తిప్పితే అప్పుడు లోపల నిజంగా 200 వచ్చింది. ఆ చోట నల్ల మార్కర్‌తో గీత గీసి పెట్టాను, ఇప్పటికీ అంకెలు చూడను, ఆ గీతే చూస్తాను. ఓటీజీ కొనేవాళ్ళు ఎవరైనా సరే థర్మామీటర్ కూడా ఓవెన్‌తో పాటే కొనండి, తర్వాత చూద్దాం అనుకోకండి.

గీత గీసిన దగ్గర్నుంచి ఒక్క బ్రెడ్డూ పచ్చిగా రాలేదు. వెనక వైపు వేడి ఎక్కువ కాబట్టి 20 నిమిషాలకి టిన్ను అటుదిటు తిప్పాలి. పైన రంగు తొందరగా వస్తే ఫాయిల్ కప్పాలి. టిన్ను ఎప్పుడూ కింది అరలోనే పెట్టాలి. కాలిందో లేదో తెలియాలంటే టిన్నులోంచి తీసి అడుగున వేలితో తట్టండి, ఖాళీ డబ్బా తట్టినట్టు డొల్లగా మోగాలి. మెత్తగా దబ్ అంటే ఇంకో ఐదు నిమిషాలు.

నా కొలత: 200 గ్రాముల మైదా, 100 గ్రాముల మర పట్టించిన గోధుమ పిండి, 210 మి.లీ. నీళ్ళు, 4 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 5 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల నూనె, ఒక చెంచా పంచదార. మొత్తం గోధుమ పిండితో కూడా చేశాను, బరువుగా వచ్చింది, నాన్నగారు నమలలేకపోయారు. నీళ్ళు గోరువెచ్చగా చాలు, మరీ వేడివి పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. చపాతీ పిండిని నాననిచ్చినట్టే పిండీ నీళ్ళూ కలిపి అరగంట వదిలేసి, ఆ తర్వాత మిగతావి వేసి పిసికితే సగం శ్రమ తగ్గుతుంది. చిన్న ముద్ద తీసి వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా, అవతల వెలుతురు కనిపించేంత పల్చటి పొర రావాలి. మాది విజయవాడ, మేలో 40 నిమిషాలకే పిండి రెట్టింపు అయిపోతుంది, డిసెంబర్‌లో గంటన్నర పైనే. కాబట్టి గడియారం కాదు, పిండిని చూడండి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా సగం పూడితే ఓవెన్‌లో పెట్టే టైమ్ అయినట్టే.

ఇక సూపు. ఓటీజీకి సూపుతో పనేంటి అంటారేమో, నాకు ఈ ఓవెన్ మీద అసలు ఇష్టం కుదిరింది అక్కడే. బ్రెడ్డు తీశాక గంటసేపు చల్లారాలి, వేడిగా కోస్తే లోపల జిగురుగా ఉంటుంది. ఓవెన్ ఎలాగూ వేడెక్కే ఉంటుంది కదా, ఆ గంటలో దాన్ని ఆపకుండా అరకిలో తీపి గుమ్మడికాయ ముక్కలు తొక్కతోనే, రెండుగా కోసిన ఒక ఉల్లిపాయ, ఫాయిల్‌లో చుట్టిన వెల్లుల్లి గడ్డ ఒకటి, కాస్త నూనె రాసి పెట్టేస్తాను. 40 నిమిషాలకి ముక్కల అంచులు ముదురు రంగుకి వస్తాయి, నీరంతా ఇగిరి తీపి చిక్కబడుతుంది. కుక్కర్లో ఉడికించిన గుమ్మడికాయకి ఆ రుచి రానే రాదు. వెల్లుల్లి గడ్డని అడుగున పట్టుకుని నొక్కితే రెబ్బలు వెన్నలా జారి గిన్నెలో పడతాయి, ఘాటు అసలు ఉండదు. గుజ్జు గీకి, రెండు చెంచాల ఉడికిన పెసరపప్పు, రెండు గ్లాసుల వేడినీళ్ళు, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు జీలకర్ర పొడి వేసి ఒక్క పొంగు రానిస్తే చాలు. చిక్కదనం పప్పే ఇస్తుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు.

హ్యాండ్ బ్లెండర్ కూడా కొనాలా అని మా చెల్లి అడిగింది. అవసరం లేదు, బాగా కాలిన గుమ్మడికాయకి పప్పుగుత్తి చాలు. మిక్సీలో వేసేటట్లయితే మాత్రం చల్లారాకే వేయండి, వేడిది మూత పెట్టి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి సూపు మీద పడుతుంది. మునక్కాడ సూపుకి ఓవెన్‌తో పని లేదు. నాలుగు కాడలు కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, చెంచాతో గుజ్జు గీకి, పెద్ద స్టీలు జల్లెడలో రుద్దితే పీచంతా పైన ఆగిపోతుంది. నాన్నగారికి అన్నిట్లోకీ అదే ఇష్టం.

మాది 1600 వాట్లది, 16 యాంప్ పాయింట్ కావాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టొద్దు. బ్రెడ్డుకి కరెంటు యూనిట్ చుట్టుపక్కల అవుతుంది, రాడ్లు మధ్యమధ్యలో ఆగుతాయి కాబట్టి. తలుపు పిడి బాగా వేడెక్కుతుంది, గుడ్డ లేకుండా ముట్టుకోకూడదు. లోపల తుడవడం కష్టమే, కాబట్టి కూరగాయలు పెట్టేటప్పుడు కింద ట్రే తప్పనిసరి.

సైజు దగ్గర మాత్రం డబ్బులు చూసుకోకండి. చెల్లి కొన్న 16 లీటర్ల దాంట్లో నా 9 అంగుళాల టిన్ను పట్టింది, కానీ బ్రెడ్డు పొంగేసరికి పై రాడ్డుకి తగిలేంత దగ్గరికి వెళ్ళి నెత్తి మాడిపోయింది. ఇప్పుడు తను శనివారాలు పిండి కలిపి టిన్నుతో సహా మా ఇంటికే తెస్తోంది.