నౌపడ–గుణుపురం చిన్న రైలు: ఏళ్ల తరబడి ఎక్కినవాడి సమీక్ష

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా నడిచిన న్యారోగేజ్ రైలు ఫొటోలు చూసి ఇప్పుడు అందరూ ముచ్చటపడుతున్నారు. నేను మాత్రం దాన్ని పని కోసం వాడుకున్నాను. మా ఇల్లు టెక్కలిలో, ఉద్యోగం పాతపట్నంలో. 2004 జూన్ 9న చివరి చిన్న బండి వెళ్లిపోయేదాకా దానితో నాకు పని పడుతూనే ఉంది. అందుకే ఒక ప్రయాణికుడికి అది ఎంతవరకు ఉపయోగపడిందో ఆ లెక్కలోనే చెబుతాను.

ముందు వేగం సంగతి. మొత్తం దూరం సుమారు 90 కిలోమీటర్లు. ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలంటే ఒక పూట పోయినట్టే. బస్సు ఎప్పుడూ ముందే చేరేది. టైముకు సంతకం పెట్టాల్సిన ఉద్యోగానికి రైలును నమ్ముకోవడం కుదరదు. తొందర ఉన్న రోజు బస్సు, లేని రోజు రైలు, ఇదే నా పద్ధతి. ఒంట్లో బాగోలేనివాళ్లను తీసుకెళ్లాలన్నా, పరీక్షకు పోవాలన్నా ఎవరూ రైలు ఎక్కమని చెప్పేవారు కాదు.

ఈ నెమ్మదికి కారణం పట్టాల్లోనే ఉంది. రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. నౌపడలో దీని పక్కనే పోయే హౌరా–చెన్నై లైనుకు అది 1676. ఇరుకు పట్టాల మీద పెట్టె అటూ ఇటూ ఊగుతుంది. తేలిక పట్టాలు, దగ్గర దగ్గర మలుపులు కాబట్టి ఎంత మంచి ఇంజిన్ తెచ్చి తగిలించినా పరుగెత్తించలేరు. కానీ అలాంటి లైనుకు ఖర్చు తక్కువ కాబట్టే ఆ రోజుల్లో ఒక సంస్థానం వేయించుకోగలిగింది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి హయాంలో సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ–పర్లాకిమిడి లైను వేశారు. 1900లో బండ్లు మొదలయ్యాయి. తొలి ఏళ్లలో నష్టాలే వచ్చాయి. లాభాలు కళ్లచూశాక 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. తెల్లదొరల కంపెనీలు వేసిన లైన్ల మధ్య మన మారుమూల ప్రాంతం సొంతంగా వేసుకున్న లైను ఇది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు నిజంగా గర్వంగానే ఉంటుంది.

ఇక లోపల. సీట్ల సౌకర్యానికి పెద్ద మార్కులు వేయలేను. గట్టి బల్లలు, ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగిలేంత ఇరుకు. వానాకాలం కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే జల్లు. ఆవిరి ఇంజిన్ల రోజుల్లో కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో బొగ్గు నలుసు పడటం ఖాయం, తెల్లచొక్కా వేసుకుంటే అది ఆ రోజుకు పాడైనట్టే. తొంభైల మొదట్లో జెడ్‌డీఎం-5 డీజిల్ ఇంజిన్లు వచ్చాక ఈ బాధ తప్పింది. ఆవిరి ఇంజిన్ అందం వేరు, కాదనను. కానీ ప్రయాణికుడిగా నా ఓటు డీజిల్‌కే.

ఇన్ని చెప్పాక కూడా ఎందుకు ఎక్కేవాడినంటే, ఆ బండి నడిచింది సరుకు మోసే మనుషుల కోసం. అది అర్థం కావాలంటే గుణుపురం వైపు నుంచి వచ్చే బండిని పాతపట్నం స్టేషన్లో చూడాలి. కొండల నుంచి దిగిన సవర గిరిజన ఆడవాళ్లు అనాసకాయలు, పనసకాయలు, చింతపండు, కొండ చీపుళ్లు, అడ్డాకుల కట్టలు పట్టుకుని ఉండేవారు. పెట్టె నేలకు మరీ ఎత్తులో ఉండదు. ఒకామె ముందు లోపలికి ఎక్కి నిలబడేది. కింద ఉన్నామె గంపను మోకాలి మీదకు, అక్కడి నుంచి గుమ్మం మీదకు ఎత్తేది. పైనున్నామె దాన్ని లాగి పక్కకు జరిపేది. అలా ఒక్కో గంపా లోపలికి చేరాక కిందనున్నామె ఎక్కేది. గార్డు అంతా చూసి, చివరి గంప ఎక్కాకే జెండా ఊపేవాడు. బల్ల ఖాళీగా ఉన్నా వాళ్లు కింద గంపల పక్కనే కూర్చునేవారు, జనం కాళ్ల కింద సరుకు నలగకూడదని. ఇదే సరుకుతో బస్సెక్కాలంటే కండక్టరుతో గొడవ, టాపు మీదకు వేయించడానికి ఇంకొకరి కాళ్లావేళ్లా పడటం, దానికో ఛార్జీ. రైల్లో ఈ గొడవ లేదు. టికెట్టు కూడా బస్సు కంటే బాగా తక్కువ.

బేరాలు బండిలోనే మొదలయ్యేవి. తెలుగు, ఒడియా, సవర మూడూ ఒకే పెట్టెలో వినిపించేవి. టెంబూరు దాటేసరికి కొన్ని గంపలు చేతులు మారిపోయేవి. మా ఇంట్లోకి చింతపండు, చీపుళ్లు ఏళ్ల తరబడి అలా వచ్చినవే. తిరుగు ప్రయాణంలో ఉప్పు, ఎండుచేపలు పైకి వెళ్లేవి. నౌపడ చుట్టూ ఉన్నవి ఉప్పు మడులే కదా.

ఇంకో ఉపయోగం గురించి బయటివాళ్లకు తెలియదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. మధ్యలో ఉన్నది మహేంద్రతనయ నది. రాష్ట్రాలు రెండైనా ఇటువాళ్ల బజారు అక్కడ, అటువాళ్ల చుట్టాలు ఇక్కడ. ఆ రాకపోకలకు చవకైన దారి చిన్న రైలే. పెళ్లిళ్ల రోజుల్లో పెట్టెల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

ఈ చిన్న లైనును ఆపి పెద్ద లైనుగా గేజ్ మార్చడం తప్పని నేననను. నౌపడలో గేజ్ మారేది కాబట్టి ప్రతి బస్తా చిన్న బండి నుంచి దించి పెద్ద బండికి ఎక్కించాల్సి వచ్చేది. సరుకు రవాణా లారీలకు పోవడానికి ఈ దింపుడు, ఎక్కుడు ఖర్చే చాలు. ప్రయాణికుడికీ అంతే, సంచులు మోసుకుంటూ ప్లాట్‌ఫారం మారాల్సి వచ్చేది, పెద్ద బండి తప్పిపోతే పడిగాపులు. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవాళ్లు దిగకుండా విశాఖపట్నం చేరుతున్నారు. ఆసుపత్రులకు వెళ్లేవాళ్లకు అది ఎంత పెద్ద మేలో చెప్పక్కర్లేదు. నేనూ ఆ బండి ఎక్కాను. సాఫీగా పోతుంది, కుదుపు లేదు, ఊపు లేదు. ఈ విషయంలో కొత్త బండికే పూర్తి మార్కులు.

నా బాధ మధ్యలో పోయిన కాలం గురించి. 2004లో చిన్న బండి ఆగింది. పెద్ద బండి పర్లాకిమిడి దాకా వచ్చింది 2010లో, గుణుపురం చేరింది 2011లో. అన్నేళ్లు ఈ దారిలో రైలే లేదు. నాలాంటి ఉద్యోగులం బస్సులకు అలవాటు పడిపోయాం, మాకు పెద్దగా పోయిందేమీ లేదు. గంపలవాళ్లు జీపుల మీద పడ్డారు. జీపువాడు మనిషికి వేరే, గంపకు వేరే తీసుకునేవాడు. నాలుగు అనాసకాయల గంపకు ఆ ఛార్జీ కట్టి టెక్కలి వస్తే మిగిలేదేముంటుంది? చాలామంది కొండ దిగువ సంతల్లోనే వ్యాపారి చెప్పిన ధరకు అమ్ముకుని వెనక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. పెద్ద బండి వచ్చాక కూడా మాకు చింతపండు తెచ్చే మనిషి టెక్కలి వైపు రాలేదు. ఇప్పుడు ఆ చింతపండే మేము కొట్లో కొంటున్నాం, ఆమెకు వచ్చే ధరకూ మేము ఇచ్చే ధరకూ మధ్య ఇద్దరు ముగ్గురు వ్యాపారులు ఉన్నారు.