ఆస్ఫాల్టీన్ ఇన్హిబిటర్ కొనేవాళ్లూ, గాజు గొట్టం డెమో చూసి ఆర్డర్ ఇచ్చేయకండి

గల్ఫ్‌లో ఆయిల్‌ఫీల్డ్ కెమికల్స్ కొనే పనిలో ఉన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఆస్ఫాల్టీన్ అంటే క్రూడ్ ఆయిల్‌లో ఉండే బరువైన నల్లటి పదార్థం, అది విడిపోయి గొట్టాలకు అంటుకోకుండా ఆపడానికి వేసే మందే ఇన్హిబిటర్. కువైట్‌లో మేం ఒక సప్లయర్ దగ్గర ఇన్హిబిటర్ అని తీసుకున్న సరుకు బావిలో అస్సలు పనిచేయలేదు. ట్యూబింగ్ (బావిలోంచి ఆయిల్ పైకొచ్చే గొట్టం) లోపల నల్లటి మడ్డి గట్టిపడి ప్రొడక్షన్ పడిపోయింది, చివరికి కాయిల్డ్ ట్యూబింగ్ (బావిలోకి దించే, చుట్టగా చుట్టిన పొడవాటి గొట్టం) తెప్పించి జైలీన్ అనే సాల్వెంట్‌తో కడిగించాల్సి వచ్చింది. ఆ బిల్లు ముందు కెమికల్ ధర ఏ మూలకీ రాదు.

వాళ్లు అమ్మే తీరు చెప్తా. రెండు గాజు గొట్టాల్లో హెప్టేన్ (క్రూడ్‌లోంచి ఆస్ఫాల్టీన్‌ను విడగొట్టే ద్రవం) పోసి మన క్రూడ్ కొంచెం కలుపుతారు, ఒకదాంట్లో వాళ్ల మందు వేస్తారు. మందు లేనిదాంట్లో మడ్డి అడుక్కి దిగుతుంది, రెండోది చిక్కటి కాఫీ డికాక్షన్‌లా అలాగే నిలబడుతుంది. మేనేజర్లు ఫోటోలు కూడా తీసుకుంటారు! కానీ దాంతో తేలేది, అప్పటికే విడిపోయిన ఆస్ఫాల్టీన్‌ను ఆ మందు సన్నటి కణాలుగా చేసి తేలేలా ఉంచగలదని మాత్రమే, అంటే అది డిస్పర్సెంట్. అసలు విడిపోకుండా ఆపుతుందా, ఇనుప గోడకు అంటకుండా చూస్తుందా అన్నది ఆ గొట్టం చెప్పదు. పైగా అందులో ఉన్నది గ్యాసంతా పోయిన డెడ్ ఆయిల్. బావిలో అయితే ఆయిల్ పైకొస్తున్నకొద్దీ ప్రెషర్ తగ్గుతుంది, బబుల్ పాయింట్ (ఆయిల్‌లోంచి గ్యాస్ బుడగలుగా బయటికి రావడం మొదలయ్యే ప్రెషర్) దగ్గరపడే చోటే ఆస్ఫాల్టీన్ ఎక్కువగా విడిపోతుంది.

"మీ క్రూడ్‌లో ఆస్ఫాల్టీన్ తక్కువే సార్, కొంచెం డోసు చాలు" అని ఇంకో మాట. అల్జీరియాలోని హాసీ మెసౌద్ క్రూడ్‌లో ఆస్ఫాల్టీన్ 0.2 శాతం కూడా ఉండదు, అయినా అక్కడి బావులు పూడుకుపోయి నానా తిప్పలు పెట్టాయి. వెనిజులాలోని బోస్కాన్ క్రూడ్‌లో 17 శాతం దాకా ఉన్నా అంత గొడవ లేదు. శాతం చూపించి డోసు చెప్పేవాడికి విషయం తెలియదు, లేదా తెలిసే చెప్తున్నాడు.

మందు వేసే చోటు కూడా పట్టించుకోండి. వెల్‌హెడ్ (బావి పైమూతి) దగ్గర వేస్తే చాలన్నారు మాకు, కింద ట్యూబింగ్‌లోనే విడిపోయి అంటుకున్నదానికి పైన పోసి ఏం లాభం? విడిపోవడం మొదలయ్యే లోతుకంటే కిందికి, క్యాపిలరీ లైన్ అనే సన్న గొట్టంలో వెళ్లాలి. అక్కడి వేడికి సాల్వెంట్ ఆవిరై జిగురు మిగిలితే ఆ సన్న లైనే మూసుకుపోతుంది, అందుకే ఆ ఉష్ణోగ్రతలో టెస్ట్ చేసిన రిపోర్టు అడగండి. డ్రమ్ములో అసలు మందు ఎంత శాతం, మిగతా సాల్వెంట్ ఏమిటి అన్నది కూడా పీఓలోనే (పర్చేజ్ ఆర్డర్) రాయించండి. సల్ఫోనిక్ యాసిడ్ రకం అయితే మీరు వాడే అమీన్ కొరోజన్ ఇన్హిబిటర్‌తో (తుప్పు పట్టకుండా వేసే మందు) పడుతుందో లేదో, ఆయిల్‌నీ నీళ్లనీ వేరుచేసే సెపరేటర్‌లో ఎమల్షన్ (ఆయిల్, నీళ్లు విడిపోకుండా కలిసిపోయిన మిశ్రమం) పెంచుతుందో లేదో ముందే చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రెషర్ పోకుండా బావి అడుగు నుంచి తీసిన లైవ్ ఆయిల్ (గ్యాస్ ఇంకా కలిసే ఉన్న ఆయిల్) మీద, మీరు ఎంచుకున్న ల్యాబ్‌లో టెస్ట్.

ఫెయిలయ్యాక వాళ్ల సలహా ఏంటంటే, డోసు పెంచమని. కణాలు మరీ సన్నబడితే గోడకు ఇంకా ఎక్కువ చేరిన సందర్భాలు ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించాయి, అది అడిగితే జవాబు లేదు. విప్పని డ్రమ్ములు వెనక్కి తీసుకోమంటే, కొత్త ఫార్ములా పంపుతాం, ఇంకో ట్రయల్ వేయండి అంటున్నారు. లైవ్ ఆయిల్ రిపోర్టు టేబుల్ మీద పెట్టాకే మాట్లాడదామని చెప్పేశాం.