నాలుగేళ్ల వాడకం తర్వాత: మా ఆఫీసుకు, గోడౌన్‌కు చేయించిన వైఫై సర్వే

మా సంస్థకు డబ్బు కట్టి వైఫై సర్వే (ఎక్కడ సిగ్నల్ ఎంత అందుతుందో కొలిచి, పరికరాలు ఎక్కడ పెట్టాలో చెప్పే పని) చేయించి నాలుగేళ్లు దాటింది. చేయించిన కొత్తలోనే రాసి ఉంటే ఇందులో అంతా మెచ్చుకోలే ఉండేది. అంతకుముందు మేం పడ్డ అవస్థ అలాంటిది. ఆ రిపోర్టులో ఏ మాట నిలబడింది, ఏది నిలబడలేదు అన్నది ఇప్పుడు రోజూ వాడిన అనుభవంతో చెప్పగలను. సర్వే ఎవరితో చేయించాలా అని ఆలోచిస్తున్న ఐటీ వాళ్లకు, అడ్మిన్ వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మూడంతస్తుల ఆఫీసు, దాని వెనుకే ఎత్తైన ర్యాకులున్న గోడౌన్. ఆఫీసులో ల్యాప్‌టాప్‌లు, వైఫై మీద నడిచే ఫోన్లు. గోడౌన్‌లో చేత్తో పట్టుకుని తిరిగే బార్‌కోడ్ స్కానర్లు. స్కానర్ ఆగితే లోడింగ్ ఆగుతుంది, లారీ గేటు దగ్గరే నిలబడిపోతుంది. "సార్, సిగ్నల్ ఫుల్‌గా చూపిస్తోంది, స్కాన్ మాత్రం పోవట్లేదు" అని స్టోర్స్ నుంచి రోజుకు నాలుగైదు ఫోన్లు వచ్చేవి.

నిజానికి అప్పటికే మా దగ్గర ఒక సర్వే రిపోర్టు ఉంది. పరికరాలు అమ్మినవాళ్లు ఉచితంగా చేసిచ్చారు. ఫ్లోర్ ప్లాన్ అడిగారు, పంపించాం. మూడు రోజుల్లో రంగుల బొమ్మ వచ్చింది. ఎక్కడ చూసినా పచ్చ రంగే. దాంట్లో చెప్పినన్ని యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) కొన్నాం, చెప్పిన చోటే బిగించాం. ఎవరూ బిల్డింగ్‌లోకి వచ్చి ఒక్క గోడ కూడా చూడలేదన్న సంగతి అప్పట్లో నాకు తప్పుగా అనిపించలేదు. సాఫ్ట్‌వేర్ లెక్క వేసింది కదా అనుకున్నాను.

తప్పు ఎక్కడుందో రెండో సర్వేకు వచ్చిన ఇంజనీర్ ఆ బొమ్మ అడుగున ఉన్న చిన్న రంగుల పట్టీని చూపించి చెప్పాడు. ఆ పట్టీలో పచ్చ రంగు -80 డీబీఎం దాకా సాగింది. డీబీఎం అంటే సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. మాట తెగకుండా కాల్ నడవాలంటే మామూలుగా -67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలని చూస్తారు. ఈ లెక్కలో ప్రతి 3 డీబీ తగ్గుదలకు సిగ్నల్ బలం సగం అవుతుంది, 10 డీబీకి పదో వంతు అవుతుంది. కాబట్టి -80 అంటే -67తో పోలిస్తే ఇరవయ్యో వంతు బలం. రెండూ ఒకే పచ్చ రంగులో కనిపిస్తుంటే చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది? పైగా గోడలన్నీ పల్చటి పార్టిషన్లని, గోడౌన్ ఖాళీ హాలని అనుకుని లెక్క వేశారు. అప్పటి నుంచి ఇలాంటి రంగుల బొమ్మ, అంటే హీట్‌మ్యాప్, ఏది వచ్చినా ముందు ఆ పట్టీనే చూస్తాను, తర్వాతే బొమ్మ.

రెండోసారి ముగ్గురిని పిలిచాం. ఒకరు ఎన్ని చదరపు అడుగులని అడిగి కొటేషన్ పంపారు. ఇంకొకరు ఏ కంపెనీ పరికరాలు కావాలో అడిగారు. మూడోవాళ్లు మాత్రం ప్రశ్నలు అడుగుతూ, జవాబులు రాసుకుంటూ కూర్చున్నారు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బలహీనమైన పరికరం ఏది? అది ఆగితే ఎవరి పని ఆగుతుంది? మీటింగ్ హాల్లో ఒకేసారి ఎంతమంది కూర్చుంటారు? గోడౌన్ నిండుగా ఉండే రోజులు ఏవి? ఫోన్లో మాట్లాడుతూ మెట్ల మీద నడుస్తారా? ఈ ప్రశ్నలు విన్నాకే వాళ్లకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఈ రోజు ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెబుతాను: మనం అడిగే ప్రశ్నలకు వాళ్లిచ్చే జవాబుల కంటే వాళ్లు మనల్ని అడిగే ప్రశ్నలను బట్టి మంచి సర్వేయర్ తెలిసిపోతాడు.

సర్టిఫికెట్లు కూడా చూశాను. సీడబ్ల్యూఎన్‌పీ సంస్థ ఇచ్చే వాటిలో సీడబ్ల్యూడీపీ అనేది వైర్‌లెస్ డిజైన్‌కు సంబంధించింది. ఉంటే మంచిదే. సాఫ్ట్‌వేర్ ఎకహావ్, హమీనా, ఐబీవేవ్‌లలో ఏదన్నది నాకు పెద్ద తేడాగా అనిపించలేదు. కొలత దేనితో తీస్తారన్నది మాత్రం అడగండి. ల్యాప్‌టాప్‌లో ఉన్న మామూలు వైఫై కార్డుతో తీసే కొలతకు, అందుకోసమే తయారుచేసిన పరికరంతో తీసే కొలతకు తేడా ఉంటుంది.

వాళ్లు మా దగ్గర నాలుగు రోజులు పనిచేశారు. మొదటి గంటలో ఒక్క సిగ్నల్ కొలత కూడా తీయలేదు. లేజర్‌తో కారిడార్ పొడవు కొలిచి మేమిచ్చిన ప్లాన్‌తో సరిచూశారు. ప్లాన్ పాతది, ఒక పార్టిషన్ జరిగిపోయింది. ప్లాన్ స్కేలు తప్పయితే ఆ తర్వాత చేసే ప్రతి లెక్కా తప్పే. తర్వాత గోడకు ఒక పక్క స్టాండు మీద యాక్సెస్ పాయింట్ పెట్టి, రెండు పక్కలా సిగ్నల్ చూసి, ఒక్కో రకం గోడ ఎంత మింగేస్తోందో రాసుకున్నారు. పార్టిషన్ దగ్గర దాదాపు 3 డీబీ పోయింది. లిఫ్ట్ గోడకు అవతల దాదాపు ఏమీ మిగల్లేదు. నన్ను ఆశ్చర్యపరిచింది అద్దాల మీటింగ్ రూమ్. అద్దం కదా, సిగ్నల్ దూసుకుపోతుందనుకున్నాం. దాని మీద లోహపు పూత ఉందట, ఇటుక గోడ కంటే ఎక్కువ అడ్డుపడింది.

గోడౌన్ పని మాత్రం సరుకు నిండుగా ఉన్న వారం వచ్చేదాకా మొదలుపెట్టేది లేదన్నారు. దానివల్ల మా ప్రాజెక్టు మూడు వారాలు వెనకబడింది, పై నుంచి నాకు కాస్త టెన్షన్ కూడా వచ్చింది. ఆ మూడు వారాలు ఎంత విలువైనవో తర్వాత అర్థమైంది. మా ర్యాకుల్లో సగం ద్రవాలున్న కార్టన్లే, నీళ్లు ఈ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. ఖాళీ ర్యాకుల మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా అందిన సిగ్నల్, సరుకు నిండాక నడిమి వరకే వచ్చేది. చివరికి ర్యాకుల మధ్య దారుల పొడవునా చూసేలా డైరెక్షనల్ యాంటెన్నాలు (ఒక వైపుకే సిగ్నల్ పంపేవి) పెట్టించారు. నాలుగేళ్లుగా గోడౌన్‌లో ఆ డిజైన్ చెక్కు చెదరలేదు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన పని చేశారు. మా స్కానర్ ఒకటి తీసుకుని తమ కొలత పరికరం పక్కనే పెట్టుకుని నడిచారు. ఒకే చోట నిలబడితే స్కానర్‌లో సిగ్నల్ 8 డీబీ తక్కువగా కనిపించింది. స్కానర్‌కు -67 అందాలంటే వాళ్ల పరికరంలో దాదాపు -59 కనిపించాలన్నమాట. డిజైన్ మొత్తం ఆ లెక్క మీదే కట్టారు. రిపోర్టులో అంతా బాగుండి చేతిలోని పరికరం మాత్రం పనిచేయకపోవడానికి ఈ తేడా పెద్ద కారణం. దాన్ని పట్టించుకోని సర్వేకు డబ్బు కట్టడం నాకిష్టం లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ కావాలనే క్యాంటీన్ అంతస్తులో స్పెక్ట్రమ్ అనలైజర్ (గాలిలో ఏ తరంగాలున్నాయో తెర మీద చూపించే పరికరం) పట్టుకుని నిలబడ్డారు. మైక్రోవేవ్ ఓవెన్లు ఆన్ అయిన ప్రతిసారీ వైఫై వాడే తరంగాల శ్రేణుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు గందరగోళమైపోవడం తెర మీద కళ్లారా చూశాను. "మధ్యాహ్నం వైఫై స్లో" అనే ఫిర్యాదుకు రెండేళ్లుగా మేం ఇంటర్నెట్ కంపెనీని తప్పుపడుతూ వచ్చాం.

ఇక రిపోర్టు. అందులో మొదటి మాట: మీ ఆఫీసులో యాక్సెస్ పాయింట్లు ఎక్కువయ్యాయి, ఆరు తీసేయండి. డబ్బు కట్టి సర్వే చేయిస్తే ఇంకో పది కొనమంటారని అనుకున్నవాళ్లం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు (బ్యాండులోని విడి విడి భాగాలు) మూడే: 1, 6, 11. అన్ని పెట్టెలు ఆ మూడింటినే పంచుకుంటే, ఒకటి మాట్లాడుతున్నంతసేపు అదే ఛానల్‌లో వినపడే మిగతావన్నీ ఆగాల్సిందే. అందుకే సగానికి పైగా పెట్టెల్లో 2.4 రేడియోను ఆపించారు.

రెండో మాట పవర్ గురించి. పవర్ అంతా పెంచి పెడితే బాగుంటుందని మేం 20 డీబీఎంలో, అంటే 100 మిల్లీవాట్లలో పెట్టాం. వాళ్లు 14కు, అంటే 25 మిల్లీవాట్లకు తగ్గించారు. మైకులో మాట్లాడేవాళ్ల మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది, వీధి చివర నుంచి మనం చెప్పే జవాబు వాళ్లకు వినపడదు. ఫోన్‌కు, స్కానర్‌కు ఉండే పవర్ తక్కువ. సిగ్నల్ ఫుల్‌గా ఉండి పని జరగకపోవడం వెనకున్న సంగతి ఇదే. పవర్ తగ్గించాక ఫోన్లు దూరపు యాక్సెస్ పాయింట్‌నే పట్టుకుని వేలాడటం మానేసి, నడుస్తున్న కొద్దీ దగ్గరి దానికి మారడం మొదలుపెట్టాయి.

మూడోది మేం అసలు ఊహించనిది. మాకు ఏడు వైఫై పేర్లు ఉండేవి, ఒక్కో విభాగానికి ఒకటి. ప్రతి పేరుకూ విడిగా బీకన్ (ఈ వైఫై ఇక్కడుందని చెప్పే చిన్న సంకేతం) వెళ్తుంది, 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి. ఏడు పేర్లంటే ఒక్కో రేడియో నుంచి సెకనుకు దాదాపు 68 బీకన్లు, అవీ అన్నిటికంటే నెమ్మది వేగంలో. మూడు పేర్లకు కుదించాం. ఈ మార్పుకు పైసా ఖర్చు కాలేదు.

పవర్ సప్లై గురించి కూడా ఒక పేజీ ఉంది. యాక్సెస్ పాయింట్లకు కరెంటు నెట్‌వర్క్ కేబుల్‌లోనే స్విచ్ నుంచి వస్తుంది. మా పాత స్విచ్‌లు ఒక్కో పోర్టుకు 15.4 వాట్లే ఇస్తాయి. కొత్త యాక్సెస్ పాయింట్లకు 30 వాట్ల రకం కావాలి, లేకపోతే కొన్ని మోడళ్లు తమ రేడియోల్లో కొన్నిటిని ఆపేసుకుంటాయి. ఆ పేజీ లేకపోతే పరికరాలు బిగించిన రోజున తెలిసేది.

ఇప్పుడు నచ్చనివి చెప్పాలి. మా ఛానల్ ప్లాన్‌లో 5 గిగాహెర్ట్జ్‌లోని 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను ధారాళంగా వాడారు. వీటిని రాడార్లు కూడా వాడతాయి. రాడార్ వినపడితే యాక్సెస్ పాయింట్ వెంటనే ఆ ఛానల్ వదిలేయాలి, 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. పై అంతస్తులో ఒక పక్క వారానికి రెండు మూడుసార్లు కాల్స్ అన్నీ ఒక్కసారిగా తెగిపోయేవి. కారణం కనుక్కోవడానికి మాకు ఐదు నెలలు పట్టింది. యాక్సెస్ పాయింట్ల లాగ్ (అవి రాసుకునే రికార్డు) తీసి చూస్తే రాడార్ నమోదులే. ఆ పక్క ఆ ఛానళ్లు తీసేశాక సమస్య పోయింది. నాలుగు రోజుల సర్వేలో రాడార్ దొరకకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ప్లాన్ అమలైన మొదటి రెండు మూడు వారాల లాగ్ చూడండి అని ఒక్క వాక్యం రాసి ఉంటే మా ఐదు నెలలు మిగిలేవి.

రెండో లోపం, బిగించాక మళ్లీ వచ్చి కొలిచే వాలిడేషన్ సర్వే కొటేషన్‌లో లేదు. విడిగా కట్టాల్సి వచ్చింది. కట్టినందుకు బాధ లేదు, ఎందుకంటే అందులో బయటపడినవి చిన్నవి కావు. కేబుల్ పనివాళ్లు రెండు యాక్సెస్ పాయింట్లను సీలింగ్ పైన ఏసీ డక్ట్ పక్కన పెట్టేశారు. గోడౌన్‌లో ఒక యాంటెన్నా దారి వైపు కాకుండా ర్యాకు వైపు తిరిగి ఉంది. కింద నుంచి చూస్తే ఏదీ తెలియదు. వాలిడేషన్ లేని కొటేషన్ సగం పనికే ఇచ్చినట్టని ముందే తెలిసి ఉంటే బేరం అప్పుడే ఆడేవాళ్లం.

ప్రాజెక్టు ఫైలు కోసం కూడా గట్టిగా అడగాల్సి వచ్చింది. మొదట 140 పేజీల పీడీఎఫ్ ఇచ్చి సరిపెట్టాలని చూశారు. ఆఖరి బిల్లు ఆపి మరీ అసలు ఫైలు తీసుకున్నాం. రెండేళ్ల తర్వాత రెండో అంతస్తులో క్యాబిన్లు మార్చినప్పుడు వేరే ఇంజనీర్ ఆ ఫైలు తెరిచి, గోడలు జరిపి, రెండు యాక్సెస్ పాయింట్లు ఎక్కడికి మారాలో ఒక్క పూటలో చెప్పాడు. గోడల కొలతలన్నీ అందులోనే ఉన్నాయి కదా. మూడో ఏట గోడౌన్ పెంచినప్పుడూ కొత్త భాగం వరకే కొలిపించాం.

ఒకే అంతస్తులో పది పదిహేనుమంది కూర్చునే ఆఫీసుకు ఇదంతా అక్కర్లేదు. నెట్‌స్పాట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో మీరే తిరిగి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆఫీసులో 6 గిగాహెర్ట్జ్‌కు మారే పనిలో ఉన్నాం. పాత రిపోర్టులోని 5 గిగాహెర్ట్జ్ కొలతల మీదే కొత్త పెట్టెలు బిగించేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అదే పవర్‌లో 6 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కాస్త తక్కువ దూరమే వెళ్తుంది, గోడల దగ్గర ఇంకాస్త ఎక్కువ నష్టపోతుంది. అనుమతించే బ్యాండు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. 2020లో అమెరికా 1200 మెగాహెర్ట్జ్ మొత్తం తెరిచింది, 2021లో యూరోపియన్ యూనియన్ కింది భాగమే ఇచ్చింది. పైగా 6 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ2 అనే పాత భద్రతా పద్ధతి పనిచేయదు, పాస్‌వర్డ్ ఉన్న వైఫైకి దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 తప్పనిసరి. మా పాత స్కానర్లు అటు వెళ్లలేవు కాబట్టి 5లో వాటి చోటు వాటికి ఉంచాలి.

ఈసారి కొటేషన్ అడిగే ఉత్తరం నేనే రాశాను. స్కానర్ మోడల్, ఫోన్ మోడల్, గోడౌన్ నిండే వారం, క్యాంటీన్ వేళలు మొదటి పేజీలో ఉన్నాయి. వాలిడేషన్ సర్వే, ప్రాజెక్టు ఫైలు, మూడు వారాల రాడార్ లాగ్ ధరలోనే కలిసి ఉండాలని రెండో పేజీలో ఉంది. ఐదుగురికి పంపితే ఇద్దరు వెంటనే ఫోన్ చేసి, రావడానికి ముందు ఒక పాత స్కానర్ పంపగలరా అని అడిగారు. ఆ ఇద్దరితోనే మాట్లాడుతున్నాం.