నాలుగేళ్లకు పైగా ఇంట్లో నాస్: సినాలజీ డీఎస్220 ప్లస్‌తో మా అనుభవం

2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎన్నైనా దాచుకునే సౌకర్యం ఆగిపోయింది. అప్పటికి మా అమ్మాయికి మూడేళ్లు. పిల్ల ఫొటోలు మా ఇద్దరి ఫోన్లలో ఉన్నాయి. పెళ్లి వీడియోలు రెండు పాత ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో, అమ్మమ్మ పాడిన మంగళహారతులు ఒక ల్యాప్‌టాప్‌లో. ఏది ఎక్కడుందో నాకే గుర్తుండేది కాదు. ఆ జూలైలో ఈ నాస్ కొన్నాను. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె, ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ దాన్నే వాడుకోవచ్చు. 4 టీబీ డిస్కులు రెండింటితో కలిపి యాభై వేల దగ్గర అయింది. అప్పటి నుంచి విజయవాడలోని మా ఫ్లాట్‌లో, టీవీ కింద అరలో, రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంది.

ఇందులో ఉన్నది ఇంటెల్ సెలెరాన్ జె4025 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. వెనక రెండు గిగాబిట్ ల్యాన్ పోర్టులు. ఇవాళ చూస్తే పెద్ద స్పెసిఫికేషన్లేమీ కావు. ఇంటి అవసరానికి మాత్రం ఇప్పటికీ సరిపోతున్నాయి. డిస్కులు తిరుగుతున్నప్పుడు సుమారు 15 వాట్లు తీసుకుంటుంది, అంటే నెలకు పదకొండు యూనిట్ల లోపే. కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్లకు ఈ మాట ముందే చెబుతున్నాను.

మొదటి వారం నన్ను ఏడిపించింది పెట్టె కాదు, రౌటర్. 300 జీబీ వీడియోలు కాపీ పెడితే సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. రాత్రంతా వదిలేయాల్సి వచ్చింది. తర్వాత చూస్తే, ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిన రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి, అంటే సెకనుకు 12.5 ఎంబీ దాటలేవు. చిన్న గిగాబిట్ స్విచ్ ఒకటి, రెండు క్యాట్6 కేబుళ్లు తెచ్చి పెట్టాక అదే కాపీ 110 ఎంబీ వేగంతో ముప్పావుగంటలో అయిపోయింది. కాబట్టి నాస్ కొనే ముందు రౌటర్ వెనక ఏం రాసుందో చూడండి. వైఫై మీద మొదటి కాపీ మొదలుపెట్టకండి.

సినిమాలు, వీడియోల సంగతి తొందరగా చెప్పేస్తాను. మేం జెల్లీఫిన్ వాడుతున్నాం, నాస్‌లోని వీడియోలను టీవీలో, ఫోన్‌లో చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. టీవీకి ఆ ఫైల్ ఫార్మాట్ నేరుగా తెలిస్తే పెట్టెకు పనే ఉండదు, ఫైల్ అందిస్తే చాలు. టీవీకి గానీ ఫోన్‌కు గానీ అది తెలియనప్పుడే ప్రాసెసర్ కష్టపడి మార్చి పంపాలి. ఇంటెల్ చిప్ ఉన్న మోడల్ తీసుకోమనేది ఆ అవసరం కోసమే. ఇలాంటి పనికే ఉన్న సినాలజీ సొంత వీడియో స్టేషన్‌ను 2024లో డీఎస్‌ఎం (ఈ పెట్టెను నడిపే సినాలజీ సాఫ్ట్‌వేర్) 7.2.2తో తీసేశారు. నేను మొదటి నుంచీ జెల్లీఫిన్‌లోనే ఉన్నాను కాబట్టి నాకు తేడా తెలియలేదు. నాన్నగారి వీహెచ్‌ఎస్ క్యాసెట్లను డిజిటల్ చేయించి ఇందులో పెట్టాక, మా ఇంట్లో ఎక్కువగా చూసేది వాటినే.

అసలు ఈ సమీక్ష రాయాలనిపించింది రెండు సంఘటనల వల్ల.

మొదటిది 2023 వేసవిలో జరిగింది. ల్యాప్‌టాప్ నిండిపోయిందని మా ఆవిడ అందులోని పాత ఫోల్డర్లు కొన్ని తీసేసింది. తన తప్పేమీ లేదు. ఆ ఫోల్డర్లను నాస్‌తో రెండువైపులా సింక్ అయ్యేలా పెట్టింది నేను. ల్యాప్‌టాప్‌లో పోగానే నాస్‌లోనూ పోయాయి. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంటుంది కాబట్టి భయం లేదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోయాయి! ‘అమ్మమ్మ గొంతు’ అనే ఫోల్డర్ కూడా వాటిలో ఉంది. అమ్మమ్మ పోయి అప్పటికి ఏడాది.

ఆ రాత్రి నాస్‌లో స్నాప్‌షాట్ రెప్లికేషన్ అనే యాప్ తెరిచాను. స్నాప్‌షాట్ అంటే ఫోల్డర్ ఒక క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకోవడం, తర్వాత ఏం పోయినా ఆ స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. అంతకు కొన్ని నెలల ముందు, ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని, గంటకొక స్నాప్‌షాట్ తీసి వారం పాటు ఉంచేలా పెట్టాను. ముందురోజు సాయంత్రం ఆరింటి స్నాప్‌షాట్‌లో అన్నీ ఉన్నాయి. ఫోల్డర్ వెనక్కి తెచ్చి మొదటి ఫైల్ నొక్కాను. పాట మొదలయ్యే ముందు అమ్మమ్మ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. మా ఆవిడ పక్కనే నిలబడి ఏడ్చేసింది.

అందుకే, ఏ కంపెనీది కొన్నా, స్నాప్‌షాట్లు తీయగల బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉందో లేదో ముందు చూడండి. నా దృష్టిలో ప్రాసెసర్ కన్నా అదే ముఖ్యం. ఉంటే సరిపోదు, మొదటి రోజే ఆన్ చేయాలి.

రెండోది 2024 మార్చిలో. ఒంటిగంట దాటాక “ఏమండీ, ఆ పెట్టె అరుస్తోంది” అని మా ఆవిడ లేపింది. ఆగకుండా బీప్, బీప్. ముందువైపు స్టేటస్ లైటు నారింజ రంగులో మిణుకుమంటోంది. రెండో డిస్కు పోయింది. డేటా మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రాత్రి కూడా ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. డిస్కు వారంటీలోనే ఉంది, కానీ బదులు రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అన్ని రోజులు ఒక్క డిస్కు మీద నడపాలంటే టెన్షన్. పైగా రెండు డిస్కులూ ఒకే షాపులో ఒకేరోజు కొన్నవి, సీరియల్ నంబర్లు కూడా దగ్గరదగ్గర. ఒకటి పోయాక రెండోదాన్ని ఎలా నమ్మడం? మర్నాడే వేరే షాపులో కొత్తది తెచ్చాను. ట్రే లాగి, పక్కనున్న ప్లాస్టిక్ పట్టీలు ఊడదీసి, కొత్త డిస్కు పెట్టి నెట్టడమే. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. సాయంత్రం రిపేర్ నొక్కితే, మిగిలిన డిస్కులోని డేటా కొత్తదానిలోకి ఎక్కడం తెల్లారేసరికి పూర్తయింది.

డిస్కులు డేటా రాసే పద్ధతులు రెండు, సీఎంఆర్, ఎస్‌ఎంఆర్. కొనేటప్పుడు సీఎంఆర్ అని ఉన్నవే తీసుకోండి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ఇలా తిరిగి నింపే పని చాలా నెమ్మదిస్తుంది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ రెండూ సీఎంఆరే. వీలైతే రెండు డిస్కులూ రెండు చోట్ల కొనండి.

యూపీఎస్ గురించి కూడా ఒక మాట. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాను. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే పెట్టె రెండుసార్లు ఆగిపోయి మళ్లీ లేచింది. యూఎస్‌బీ కేబుల్ ఉన్న చిన్న యూపీఎస్ పెట్టాక ఆ బాధ పోయింది. ఆ కేబుల్ నాస్‌కు గుచ్చితే, బ్యాటరీ అయిపోయే ముందు అది పద్ధతిగా తనంతట తానే ఆగుతుంది.

బయట నుంచి చూడటానికి రౌటర్‌లో పోర్టులు తెరవకండి. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన నాస్‌లనే పట్టుకుంది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లు సీజీనాట్ వెనక, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామాను చాలా ఇళ్లు పంచుకునేలా, ఉంటాయి కాబట్టి తెరిచినా పనిచేయదు. నేను టెయిల్‌స్కేల్ వాడుతున్నాను, పోర్టులు తెరవకుండానే మన ఫోన్లను నాస్‌తో భద్రంగా కలిపే యాప్ అది. ఊళ్లో నాన్నగారి ఫోన్‌లోనూ అదే పెట్టాను, మనవరాలి ఫొటోలు చూసుకుంటారు.

మా మోడల్ ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. దాని తర్వాత డీఎస్224 ప్లస్, 2025లో డీఎస్225 ప్లస్ వచ్చాయి. 2025 ప్లస్ మోడళ్లకు మొదట ఆమోదించిన జాబితాలోని డిస్కులే వాడాలనే నిబంధన పెట్టారు. అక్టోబరులో డీఎస్‌ఎం 7.3తో దాన్ని సడలించారు. పాత వ్యాసాలు చదివి కంగారు పడకండి.

డబ్బు తక్కువగా ఉంటే ఏం చేయాలని నన్ను అడిగేవాళ్లకు చెప్పేది ఒక్కటే. పెట్టెలో ముందు ఒక్క డిస్కే పెట్టండి. డిస్కులను అమర్చే సినాలజీ సొంత పద్ధతి ఎస్‌హెచ్‌ఆర్‌లో రెండోది తర్వాత కలుపుకోవచ్చు. ఆ మిగిలిన డబ్బుతో ఎక్స్‌టర్నల్ డిస్కు కొని, సినాలజీ బ్యాకప్ యాప్ హైపర్ బ్యాకప్‌తో అందులోకి కాపీ తీసి, ఇంకో ఇంట్లో ఉంచండి. దొంగలు పడినా, నీళ్లొచ్చినా పెట్టెలోని రెండు డిస్కులూ కలిసే పోతాయి.

మా దగ్గర అలాంటివి రెండున్నాయి. సంక్రాంతికి ఒకటి, దసరాకి ఒకటి తెనాలి తీసుకెళ్లి, అక్కడున్నది వెనక్కి తెస్తాం. నాన్నగారు దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి, బీరువాలో పొలం కాగితాల పక్కన పెట్టి తాళం వేస్తారు. పోయిన దసరాకి మేం బట్టల సంచి దించక ముందే “డిస్కు తెచ్చారా?” అని అడిగారు.