ఐవీఎఫ్ ఫెయిలయ్యాక అంటగట్టే "ఇంప్లాంటేషన్ ప్యాకేజీ"తో జాగ్రత్త

ఒక ఐవీఎఫ్ సైకిల్ ఫెయిలై, రెండోదానికి డబ్బు సర్దుకుంటున్నవాళ్ళ కోసం ఈ పోస్టు. మొదటిసారి వెళ్తున్నవాళ్ళు కూడా చదవండి, కానీ అసలు వల వేసేది ఫెయిలయ్యాకే. మేం వెళ్ళిన హైదరాబాద్ సెంటర్ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా పేరు చెబితే "అక్కడికి వెళ్ళకపోతే సరిపోతుంది" అనుకుంటారు. ఈ తంతు ఒక్క చోటే జరుగుతోందని నేను అనుకోవడం లేదు.

మా ఎంబ్రియోలు, అంటే ల్యాబ్‌లో తయారైన పిండాలు, మంచి గ్రేడ్ అన్నారు. డే 5 బ్లాస్టోసిస్ట్ (ఐదు రోజులు పెరిగిన పిండం), గర్భాశయం లోపలి పొర మందం బాగుంది, స్కాన్‌లో ట్రిపుల్ లైన్ ఉంది, ట్రాన్స్‌ఫర్ సాఫీగా అయింది. అన్నీ బాగున్నాయన్న తర్వాత బీటా, అంటే గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష, నెగటివ్. డాక్టర్ గారు రిపోర్టు చూసి "ఇంప్లాంటేషన్ ఫెయిల్యూర్ (ఎంబ్రియో గర్భాశయానికి అతుక్కోలేదు), బయట కౌన్సెలర్‌తో మాట్లాడండి" అని తర్వాతి పేషెంటును పిలిచారు. కౌన్సెలర్ అంటే మన బాధ వినే మనిషి అనుకున్నాం. ఆవిడ డాక్టరూ కాదు, సైకాలజిస్టూ కాదు. ప్యాకేజీలు అమ్మే మనిషి.

ఏడుపు ఇంకా ఆగకముందే నా ముందు ఒక ప్రింటెడ్ ఎస్టిమేట్ పెట్టారు. రిసెప్టివిటీ టెస్టు, స్క్రాచింగ్, ఎన్‌కే సెల్స్ రక్తపరీక్ష, ఇంట్రాలిపిడ్ డ్రిప్, పీఆర్‌పీ, ఎంబ్రియో గ్లూ, స్టెరాయిడ్ మాత్రలు. ప్రతిదాని పక్కనా ఒక గడి, అన్ని గడుల్లోనూ నీలం పెన్నుతో ముందే టిక్కులు. నన్ను ఎవరూ పరీక్షించలేదు, ఇంకే టెస్టూ చేయలేదు, అయినా ఏడు సమస్యలకు ఏడు వైద్యాలు సిద్ధం. మామూలు ఐవీఎఫ్ ఖర్చు కాకుండా దీనికే రెండు లక్షల పైచిలుకు. వెనకాల ఈఎంఐ ఫారం పిన్ చేసి ఉంది. వారంలోపు కడితే డిస్కౌంట్ అట, చీరల షాపులో ఆషాఢం ఆఫర్ లాగా.

"ఇవన్నీ చేయిస్తే ఛాన్స్ ఎంత పెరుగుతుంది?" అని మావారు అడిగారు. "సెవెంటీ పర్సెంట్ దాకా వెళ్తుంది సార్" అన్నారు. తర్వాత సంతకానికి ఇచ్చిన కన్సెంట్ ఫారంలో మాత్రం, మూడో పేజీ కింద చిన్న అక్షరాల్లో, ఈ అదనపు చికిత్సల వల్ల ప్రయోజనం ఇంకా రుజువు కాలేదని, ఫలితానికి హామీ లేదని ఉంది. ఇదేమిటని ఆ లైను మీద వేలు పెట్టి అడిగాను. "అది అందరికీ ఉండే ఫార్మాట్ మేడమ్, లీగల్ వాళ్ళు పెడతారు" అన్నారు. నోటితో చెప్పింది డెబ్బై శాతం, కాగితం మీద ఉన్నది రుజువు కాలేదని. రేపు గొడవొస్తే నిలిచేది కాగితమే. ఆ పేజీని ఫోటో తీసుకుని పెట్టుకోండి.

ఇప్పుడు ఒక్కొక్కటిగా చెప్తాను. ఆశ కొద్దీ అప్పుడు డబ్బు కట్టేశాం, ఇవన్నీ తర్వాత కూర్చుని చదివిన సంగతులు. మా పిన్ని కూతురు లండన్‌లో ఉంటుంది. అక్కడ ఫెర్టిలిటీ సెంటర్లను నియంత్రించే హెచ్‌ఎఫ్‌ఈఏ అనే ప్రభుత్వ సంస్థ ఇలాంటి అదనపు చికిత్సలకు రంగులు కేటాయించి జనం ముందు పెడుతుంది. పనిచేస్తుందని గట్టి ఆధారం ఉంటే ఆకుపచ్చ, చేసినా ఫలితంలో తేడా లేదని తేలితే నలుపు, హాని ఉండొచ్చనుకుంటే ఎరుపు. మధ్యలో పసుపు, బూడిద రంగులు. ఆ పేజీ లింకు తనే పంపింది. మన దగ్గర ఇంత సులువుగా అర్థమయ్యేది నాకైతే కనబడలేదు.

ముందు స్క్రాచింగ్. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో గర్భాశయం లోపలి పొరను కొద్దిగా గీకుతారు. ఆ గాయం మానే క్రమంలో పొర ఎంబ్రియోను బాగా పట్టుకుంటుందని వాదన. 2003లో ఇజ్రాయెల్‌లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో ఫలితాలు బాగా కనిపించాయి, దాంతో ప్రపంచమంతా గీకడం మొదలుపెట్టింది. తర్వాత న్యూజిలాండ్ పరిశోధకుల ఆధ్వర్యంలో ఐదు దేశాల్లో 1,364 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు, 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. గీకించుకున్నవాళ్ళలో బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికి. గీకించుకోనివాళ్ళలో కూడా 26.1 శాతమే. దశాంశం దాకా ఒకటే. ఇది వచ్చి ఇన్నేళ్ళయినా మా ఎస్టిమేట్‌లో ఆ లైను అలాగే ఉంది.

రిసెప్టివిటీ టెస్టు కథ ఇంకా ఖరీదైనది. ఎంబ్రియోను పట్టుకోవడానికి గర్భాశయం నెలలో కొద్ది రోజులే సిద్ధంగా ఉంటుంది. ఇరవై ఎనిమిది రోజుల సైకిల్‌లో సుమారుగా ఇరవయ్యో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు దాకా. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ కిటికీ కొందరు ఆడవాళ్ళలో ముందుకో వెనక్కో జరుగుతుందని, పొర ముక్కలో జన్యువుల తీరు చూసి గంటలతో సహా చెప్పొచ్చని 2011లో స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులు ఒక పద్ధతి ప్రకటించారు. 238 జన్యువులను చూసే టెస్టు అది. వినడానికి ఎంత బాగుందో చూడండి. "ఎంబ్రియో మంచిదే, టైమింగే తప్పింది" అంటే ఏ తల్లి మనసు ఆగుతుంది?

దీనికోసం ఒక నెల మాక్ సైకిల్ చేయాలి. అంటే మందులన్నీ వాడతాం, ట్రాన్స్‌ఫర్ మాత్రం ఉండదు, ఆ రోజున బయాప్సీ తీసి ల్యాబ్‌కు పంపుతారు. మత్తు ఇవ్వకుండా చేశారు, నొప్పి బాగానే ఉంది. నా రిపోర్టు "ప్రీ-రిసెప్టివ్" అని వచ్చింది. పొరను గర్భానికి సిద్ధం చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మరో ఇరవై నాలుగు గంటలు ఎక్కువ ఇచ్చాక ట్రాన్స్‌ఫర్ చేయాలన్నారు. కారణం దొరికిందని ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం, అత్తయ్య అన్నవరం మొక్కు కూడా మొక్కారు. ఆ గంటల లెక్క ప్రకారమే ట్రాన్స్‌ఫర్ చేశారు. బీటా మళ్ళీ నెగటివ్.

2022 డిసెంబరులో జామా అనే వైద్య పత్రికలో అమెరికా ట్రయల్ ఒకటి వచ్చింది. క్రోమోజోములు సరిగా ఉన్నాయని తేలిన ఎంబ్రియోలు ఉన్న 767 మందిని తీసుకున్నారు. అందరికీ ఈ టెస్టు చేశారు. సగం మందికి రిపోర్టు ప్రకారం సమయం మార్చారు, మిగతా సగానికి మామూలు సమయంలోనే పెట్టారు. సమయం మార్చినవాళ్ళలో 58.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. మార్చనివాళ్ళలో 61.9 శాతం. ఈ తేడా లెక్కలోకి తీసుకునేంతది కాదు. కానీ మార్చడం వల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు. మా సెంటర్‌కు నేను డబ్బు కట్టింది ఈ పేపరు వచ్చాకే.

ఇక్కడ నాకు ఎక్కువ కాలిన విషయం ఒకటుంది. ఫైనల్ బిల్లులో "ఎండోమెట్రియల్ బయాప్సీ" అని ఒక లైను, "ఎండోమెట్రియల్ స్క్రాచింగ్" అని ఇంకో లైను. రెండింటి తేదీ ఒకటే. బల్ల మీద పడుకున్నది నేను కదా, గొట్టం లోపలికి వెళ్ళింది ఒక్కసారే. టెస్టు కోసం ముక్క తీయడానికి గీకిందే స్క్రాచింగ్ అయిపోయింది. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే "ప్యాకేజీలో రెండూ ఉంటాయి మేడమ్, సిస్టమ్ అలాగే తీసుకుంటుంది" అన్నాడు ఆ అబ్బాయి. మీరూ మీ బిల్లులు తీసి చూసుకోండి, తేదీలు కలుస్తాయేమో.

ఎన్‌కే సెల్స్, అంటే రోగనిరోధక వ్యవస్థలోని నేచురల్ కిల్లర్ కణాలు. పేరులోనే కిల్లర్ అని ఉంది కాబట్టి అవి ఎంబ్రియోను చంపేస్తున్నాయని చెబితే ఎవరైనా హడలిపోతారు. గర్భాశయంలో ఉండే ఎన్‌కే కణాలు వేరు, చేతి నరంలోంచి తీసిన రక్తంలో ఉండేవి వేరు. గర్భాశయంలోవి మావికి రక్తనాళాలు సరిగా ఏర్పడడానికి సాయం చేస్తాయి. చేతిలో రక్తం చూసి అక్కడి సంగతి చెప్పలేరు. ఆ రిపోర్టు ఎక్కువ వచ్చిందంటూ నాకు ఇంట్రాలిపిడ్ ఎక్కించారు. పాలలా తెల్లగా ఉంటుంది. మావారి బావమరిది వరస అబ్బాయి ఫార్మసిస్టు, సీసా ఫోటో పంపితే "ఇది నోటితో తినలేని పేషెంట్లకు ఎక్కించే కొవ్వు కదా, సోయాబీన్ నూనె, గుడ్డుసొన ఫాస్ఫోలిపిడ్లు, అక్కకెందుకు?" అన్నాడు. లేబుల్ మీదా అదే ఉంది, గర్భం మాటే లేదు. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే 2023లో ఇలాంటి అదనపు చికిత్సల మీద సిఫార్సులు ఇచ్చింది. స్క్రాచింగ్, రిసెప్టివిటీ టెస్టులు, రక్తంలో ఎన్‌కే పరీక్ష, ఇంట్రాలిపిడ్ వీటిలో దేన్నీ మామూలుగా అందరికీ చేయమని చెప్పలేదు.

స్టెరాయిడ్ మాత్రల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇవి డబ్బుతో పోయేవి కావు. పదేపదే ఫెయిలైన 715 మంది మీద చైనాలో చేసిన ట్రయల్ 2023లో జామాలోనే వచ్చింది. ప్రెడ్నిసోన్ వాడినవాళ్ళలో 37.8 శాతం మందికి బిడ్డ పుట్టింది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 38.8 శాతం మందికి. పైగా స్టెరాయిడ్ వైపు నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు ఎక్కువ. మీకు వేరే జబ్బుకు డాక్టర్ స్టెరాయిడ్ రాసి ఉంటే అది వేరే సంగతి, సొంతంగా ఆపకండి. ప్రొజెస్టిరాన్ కూడా ఈ కోవలోది కాదు, అది అవసరమైన మందే.

గ్లూ ఒక్కటి కొంచెం నయం. అందులో ఉండే హయలురోనాన్ వల్ల కొంత లాభం ఉందని, ట్రయల్స్ అన్నిటినీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్ష తేల్చింది. పీఆర్‌పీకి, అంటే మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని గర్భాశయంలోకి ఎక్కించడానికి, ఆ పాటి ఆధారం కూడా లేదు.

ఇక ఆ డెబ్బై శాతం. ఏది డెబ్బై? బీటా పాజిటివ్ అయితే ఒక లెక్క, స్కాన్‌లో గుండె చప్పుడు కనిపిస్తే ఒక లెక్క, బిడ్డ చేతికి వస్తే ఒక లెక్క. బీటా పాజిటివ్ వచ్చి పది రోజుల్లో పడిపోయినవి కూడా బ్రోచర్‌లో సక్సెస్ కిందే పోతాయి. అడిగితే మా కౌన్సెలర్ మొదట "పాజిటివ్ రేట్" అని, తర్వాత "అదే మేడమ్, ప్రెగ్నెన్సీ" అని అన్నారు. మా వయసువాళ్ళలో, ఒక ట్రాన్స్‌ఫర్‌కు, ఎంతమంది బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్ళారని అడిగితే కాగితం రాలేదు. మనీ బ్యాక్ గ్యారంటీ అనేవాళ్ళను కూడా ఇదే అడగండి. గ్యారంటీ దేనికి, బీటాకా, బిడ్డకా?

తర్వాత విజయవాడలో ఇంకో డాక్టరమ్మకు ఫైలు చూపించాం. ఆవిడ గర్భాశయం జోలికి వెళ్ళకుండా ముందు నా వయసు అడిగారు. ముప్పై ఐదు దాటాక చూడడానికి చక్కగా ఉన్న బ్లాస్టోసిస్టుల్లో కూడా మూడో వంతు దాకా క్రోమోజోములు తేడాగా ఉంటాయని, నలభై దాటితే సగం పైనే అని చెప్పారు. గ్రేడ్ అంటే మైక్రోస్కోప్ కింద కనిపించే రూపమే. రెండుసార్లు నిలవకపోవడానికి గర్భాశయంలో ఏదో లోపం ఉండాల్సిన పని లేదన్నారు. సరైన క్రోమోజోములున్న ఎంబ్రియోలతో మూడు ట్రాన్స్‌ఫర్ల దాకా వెళ్ళినవాళ్ళలో తొంభై శాతం పైగా బిడ్డను కన్నారని 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి ఆవిడే చెప్పారు. అలాగని వెంటనే పీజీటీ-ఏ టెస్టు (ఎంబ్రియోలో క్రోమోజోములు సరిగా ఉన్నాయో లేదో చూసేది) చేయించమనీ అనలేదు. 2021లోనే చైనాలో 1,212 మంది మీద చేసిన ట్రయల్‌లో టెస్టు చేయించినవాళ్ళలో 77.2 శాతం, చేయించనివాళ్ళలో 81.8 శాతం మందికి చివరికి బిడ్డలు పుట్టారు. టెస్టు ఎంబ్రియోను బాగుచేయదు, ఉన్నవాటిలో ఏరుతుందంతే. ఆవిడ చూడమన్నవి వేరే: ట్యూబుల్లో నీరు చేరిందా, గర్భాశయం లోపల పాలిప్, గడ్డ, అడ్డుగోడ ఉన్నాయా, థైరాయిడ్ ఎలా ఉంది. నీరు చేరిన ట్యూబును ఐవీఎఫ్‌కు ముందే తీసేస్తే ఫలితం మెరుగవుతుందని గట్టి ఆధారం ఉంది. రెండు లక్షల ప్యాకేజీలో వీటిలో ఒక్కటీ లేదు.

ఒకమాట న్యాయంగా చెప్పాలి. ఎంబ్రియో అతుక్కోవడం గురించి సైన్సుకే ఇంకా చాలా తెలియదు. అది ఆడమనిషి కడుపులో ఎవరికీ కనబడకుండా జరిగే పని. 2025లో బార్సిలోనా పరిశోధకులు మనిషి ఎంబ్రియో చుట్టూ ఉన్నదాన్ని లాగుతూ లోపలికి చొచ్చుకుపోవడాన్ని వీడియో తీయగలిగారు, అదీ ల్యాబ్‌లో కొల్లాజెన్ జెల్‌లోనే. అంత చీకటిగా ఉన్న చోట పరిశోధన చేయడం మంచిదే, దానికి వాలంటీర్లు కావాలి. కానీ పరిశోధన దశలో ఉన్నదాన్ని బిల్లు వేసి అమ్మితే అది పరిశోధన కాదు.

ఇక మన చేతిలో ఉన్నవి. ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. చికిత్సలో లాభనష్టాలు, ఖర్చు, ప్రమాదాలు, ఆ సెంటర్‌లో విజయావకాశాలు మనకు చెప్పడం క్లినిక్ బాధ్యత. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, లోపల ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్ ఉండాలి. "అలాంటిదేమీ లేదు" అని రిసెప్షన్‌లో అంటే ఆ మాటే రాసి ఇమ్మనండి. మీ ఫైలు కాపీ లిఖితపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఎంబ్రియాలజీ నోట్స్, ల్యాబ్ రిపోర్టులు, ఐటమ్ వారీగా బిల్లు, కన్సెంట్ ఫారం కాపీ, ఇవన్నీ విడివిడిగా పేరు పెట్టి అడగండి. "ఫైలు" అని మాత్రమే అడిగితే డిశ్చార్జి కాగితం ఒకటి చేతిలో పెడతారు.

మేం డబుల్ బిల్లింగ్ మీద గ్రీవెన్స్ సెల్‌కు రాశాం. స్క్రాచింగ్ డబ్బు తర్వాతి సైకిల్‌లో సర్దుతామని జవాబు ఇచ్చారు. తర్వాతి సైకిల్ అక్కడే చేయించుకుంటామని వాళ్ళ ధీమా. ఒప్పుకోలేదు, వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాం. చికిత్సకు కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, సంఘటన జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు.