కుక్కర్ స్పేర్లు కొనేవాళ్లకు జాగ్రత్త: పప్పుకు ఆగిన రబ్బరు పొట్టేలు తొడకు ఆగదు

పండక్కో, అల్లుడు వచ్చాడనో పొట్టేలు తొడను ముక్కలు కొట్టించకుండా కుక్కర్లో రోస్ట్ పెట్టాలనుకునేవాళ్లు ముందు ఆ కుక్కర్ మూత తిరగేసి చూడండి. రబ్బరు, సేఫ్టీ వాల్వ్, వెయిట్, ఈ మూడింట్లో ఒక్కటి డూప్లికేట్ అయినా ఆ వంట గట్టెక్కదు. అనంతపురం పాతూరుకు గానీ, కడప వై.వి. స్ట్రీట్‌కు గానీ, కర్నూలు పాతబస్తీకి గానీ స్పేర్ల కోసం పోయేవాళ్లు ఇది చదివి పోండి. అంగడి పేరు రాయడం లేదు. ఒక్క అంగడితో తీరే బెడద కాదిది.

జరిగింది ఇదీ. అయిదు లీటర్ల మంచి కంపెనీ కుక్కర్, పాత రబ్బరు సాగిపోయింది. అంగడాయన "అదే కంపెనీదక్కా, డబ్బా రాలేదంతే, రేటు సగం" అని కొక్కేనికి వేలాడుతున్న గుత్తిలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. పనిలో పనిగా వాల్వ్ కూడా మార్చాడు. అన్నం, పప్పు బాగానే ఉడికాయి. తొడ పెట్టిన రోజు మాత్రం కాసేపటికే పిడి పక్కనుంచి బుస్సుమని ఆవిరి, విజిల్ ఆగిపోయింది, తర్వాత మాడు వాసన. స్టవ్ ఆర్పి, చల్లారాక తెరిస్తే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ఒకచోట గాడిలోంచి బయటికి తన్నుకొచ్చింది. అడుగున మసాలా బొగ్గు. నీళ్లు చుక్క లేవు. వాల్వ్ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. భయపడాల్సింది ఈ చివరిదానికే. నీళ్లు ఇగిరి కుక్కర్ ఎండిపోయినప్పుడు కరిగిపోవడమే దాని ఉద్యోగం.

అన్నానికి ఆగిన రబ్బరు తొడకు ఎందుకు ఆగలేదంటే, కారణాలు రెండు. మొదటిది కొవ్వు. మంచి గ్యాస్కెట్, అంటే ఆ మూత రబ్బరు, నైట్రైల్ రబ్బరుతో చేస్తారు, దానికి నూనె పట్టదు. గుత్తుల్లో దొరికే చవక సరుకు మామూలు రబ్బరో, పాత రబ్బరును మళ్లీ వాడి చేసినదో అయి ఉంటుంది. వేడి కొవ్వు తగిలితే అది నూనె పీల్చి ఉబ్బుతుంది, బిగువు పోతుంది. పప్పులో అంత కొవ్వు లేదు, కాబట్టి బయటపడదు. రెండోది టైము. అన్నం పది నిమిషాల పని. పెద్ద తొడ అరగంట పైన ఒత్తిడిలో ఉండాలి. కుక్కర్ లోపల చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి, 120 డిగ్రీల వేడి. అంతసేపు ఆ వేడిని తట్టుకోవడం అగ్గువ రబ్బరు వల్ల కాదు.

ఇక వాల్వ్ సంగతి. అసలు వాల్వ్ మధ్యలో ఒక ప్రత్యేక మిశ్రమలోహం చుక్క ఉంటుంది. వేడి హద్దు దాటగానే అది కరిగి దారి వదులుతుంది. రిపేరు బల్లల దగ్గర ఆ చుక్క పోయినచోట సోల్డర్ పోసి ఇచ్చేవాళ్లున్నారు, ఏకంగా బోల్టు బిగించేవాళ్లూ ఉన్నారు. తగరం, సీసం కలిసిన మామూలు సోల్డర్ కరిగేది 183 డిగ్రీల దగ్గర. విజిల్ గొట్టం పూడుకుపోయి, లోపల ఇంకా నీళ్లుండగా వేడి అంతదాకా పెరిగిందంటే, ఆవిరి ఒత్తిడి అప్పటికే పది కిలోల దాపుకు చేరుతుంది. ఒక కిలోకు చేసిన గిన్నె అది. వాల్వ్ కరిగేదాకా మూత ఆగుతుందా అన్నది మీరే ఆలోచించండి. బోల్టుకైతే ఆ ఆశ కూడా లేదు. చాలా బయటి మూత కుక్కర్లలో మూత అంచున ఒక సందు కూడా ఉంటుంది, ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు అందులోంచి బయటికి తోసుకొచ్చి ఆవిరి వదిలేస్తుంది. గట్టిగా, మందంగా ఉన్న డూప్లికేట్ రబ్బరు అక్కడ కదలదు. అంటే రెండు రక్షణలూ ఒకేసారి పోతాయి.

వెయిట్‌ను ఎవరూ పట్టించుకోరు. "ఏదైనా పడుతుంది" అని ఇంకో కంపెనీది తగిలిస్తారు. ఒక లెక్క చూడండి: విజిల్ గొట్టం రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లయితే, కిలో ఒత్తిడి నిలపడానికి దాని మీద సుమారు 70 గ్రాముల బరువు చాలు. అక్కడే 100 గ్రాములది కూర్చోబెడితే ఒత్తిడి 1.4 కిలోలు అవుతుంది. చేతికి ఆ 30 గ్రాముల తేడా తెలియదు. అందుకే వెయిట్ పోతే అదే కంపెనీ, అదే మోడల్‌ది తప్ప వేరేది వద్దు.

అంగట్లో ఏం చూడాలి? పాత రబ్బరు పట్టుకుపోకండి, మూత పట్టుకుపోండి. పాతది సాగి ఉంటుంది, దాన్ని ఆనవాలుగా పెట్టుకుంటే కొత్తదీ తప్పుదే వస్తుంది. అయిదు లీటర్లకు అయిదు లీటర్లది అంటే సరిపోదు, లోపలి మూత కుక్కర్‌ది వేరు, బయటి మూతది వేరు. కొత్త రబ్బరును అక్కడే మూతలో కూర్చోబెట్టి చుట్టూ వేలితో తడమండి. ఎక్కడా అల లేవకూడదు, వదులు కాకూడదు. రెండు మడతలు పెట్టి గట్టిగా నొక్కి వదలండి. మడత దగ్గర తెల్లగీత పడినా, సన్నని పగుళ్లు కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. తెల్లగుడ్డతో రుద్దితే మసి అంటకూడదు. సైకిల్ ట్యూబు వాసన కొడితే ఇక మాటే లేదు. మంచి కంపెనీ రబ్బరు మీద పేరు అచ్చుపోసి ఉంటుంది, స్టిక్కరు కాదు. డబ్బా మీద తయారైన నెల చూడండి. అంగట్లో ఏళ్లు ఎండిన రబ్బరు అసలుదైనా దండగే.

పాత సామాను తూకానికి ఇచ్చి కొత్త కుక్కర్ తెచ్చుకునే ఎక్స్ఛేంజీల్లో ఇంకొంచెం కళ్లు తెరవాలి. పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ చేసిన సరుకు అక్కడే ఎక్కువగా అంటగడతారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఇళ్లల్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 2347 అని (కుక్కర్ల ప్రమాణం నంబరు అది), కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఏ కంపెనీకి ఇచ్చారో, ఇప్పటికీ చెల్లుతుందో అంగట్లో నిలబడే తెలుస్తుంది. గుర్తు ఉండి నంబరు లేకపోతే అది ఉత్త బొమ్మ. అడుగు మందం కూడా చూడండి. పల్చటి స్టీల్ అడుగులో తొడ రోస్ట్ మాడక మానదు. స్టీల్‌దైతే మధ్యలో అల్యూమినియం పొర ఉన్న అడుగే తీసుకోండి.

స్పేర్లు సరిగ్గా ఉన్నాయనుకుని వంటకొద్దాం, వంట తప్పుగా చేసి కుక్కర్‌ను తిట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి. అమెరికావాళ్లు పాట్ రోస్ట్ అని ఆవు భుజం మాంసంతో చేసే పద్ధతే ఇది, ఇక్కడ పొట్టేలు తొడకు సరిగ్గా సరిపోతుంది. కిలోంపావు తొడ, మోకాలి దగ్గర ఎముక కొట్టించి తీసుకోండి. అయిదు లీటర్ల కుక్కర్లో మాంసం, నీళ్లు అన్నీ కలిపి మూడింట రెండొంతులు దాటకూడదు. ముందు ఉప్పు రెండున్నర టీ చెంచాలు, పసుపు అర చెంచా మాత్రమే పట్టించి రెండు గంటలు ఉంచండి. అల్లం, తెల్లగడ్డ ముద్ద ఇప్పుడే పూస్తే నూనెలో వేయించేటప్పుడు మాడి చేదెక్కుతుంది. పెరుగూ వద్దు, అడుగంటుతుంది.

మూడు పెద్ద చెంచాల శెనక్కాయ నూనె బాగా కాగాక తొడను పెట్టి, కదపకుండా ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు ఎర్రబడనివ్వండి. తీసి పక్కన పెట్టి అదే నూనెలో రెండు ఎర్రగడ్డలు, రెండు పెద్ద చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద, రెండు చెంచాల కారం, ధనియాల పొడి, చెక్క, లవంగం వేయించండి. ఇప్పుడు నీళ్లు పోసి చెక్క గరిటతో అడుగు మొత్తం గీకండి. అతుక్కున్న మసాలా నీళ్లలో కలిసిపోవాలి, లేకపోతే మొదట మాడేది అదే. నీళ్ల లెక్క: మొదటి పది నిమిషాలకు ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్లు, తర్వాత ప్రతి పది నిమిషాలకు అరకప్పు. 35 నిమిషాలకు అర లీటరు పైచిలుకు. మాంసం నీరు వదులుతుందిలే అని ఇందులో తగ్గించకండి.

కొబ్బరి, గసగసాల ముద్ద మూత పెట్టక ముందు వేయడం మన ఇళ్లల్లో జరిగే పెద్ద తప్పు. చిక్కటి గ్రేవీ అడుగంటుతుంది, పైకి పొంగితే విజిల్ గొట్టంలో చేరి పూడ్చేస్తుంది. అది చివర్లో, మూత తీశాకే. మూత పెట్టే ముందు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూడండి. మన బోరు నీళ్ల సున్నం గార అందులోనూ పేరుకుంటుంది, సన్నని తీగతో ఒకసారి పొడవండి.

పెద్ద మంట మీద మొదటి విజిల్ రాగానే సెగ తగ్గించి అప్పటినుంచి లెక్కపెట్టండి. లేతదైతే 30 నిమిషాలు, ముదురు పొట్టేలైతే 40. విజిళ్లు లెక్కపెట్టడం ఈ వంటకు పనికిరాదు, సిమ్‌లో అవి ఎప్పుడొస్తాయో స్టవ్‌ను బట్టి మారుతుంది. ఆర్పాక వెయిట్ ఎత్తకుండా దానంతట అది దిగనివ్వండి. పావుగంట పడుతుంది. ఆవిరి ఒక్కసారిగా వదిలితే గ్రేవీ ఎగజిమ్ముతుంది, మాంసమూ బిరుసెక్కుతుంది. తర్వాత మూత లేకుండా ఎనిమిది, పది నిమిషాలు ఇగర్చి, తొడను తీసి కాసేపు ఆరనిచ్చి కోయండి. సంగటి పక్కన ఆ గ్రేవీ పోసుకుంటే మిగతా కూరలు ఎవరూ ముట్టరు.

మధ్యలో పిడి పక్కన ఆవిరి కొడితే స్టవ్ ఆర్పేయండి, అంతే. మూత నొక్కడం, పైన రోలు పెట్టడం, రబ్బరుకు పిండి అతికించడం, దారం చుట్టడం, ఏదీ చేయకండి. వదులైన రబ్బరును ఫ్రిజ్‌లో పెడితే బిగుస్తుందన్న చిట్కా ఒక పప్పు వరకు పనిచేస్తుందేమో, 120 డిగ్రీల్లో అరగంట పనిచేయదు.

డూప్లికేట్ అని తేలితే ముందు అంగడికే పోయి మార్చమనండి. కుదరకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ మీద బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది" అని బెదిరించే చోట మాత్రం కొనకండి, బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలబెట్టడం కష్టం. ఉబ్బిన రబ్బరు, కరగని వాల్వ్ కోపంతో పారేయకుండా బిల్లుతో కలిపి కవర్లో పెట్టి, ఫోటోలు తీసి ఉంచండి. కమిషన్ ముందు చూపించాల్సింది వాటినే.